కట్ట తాగిన నీళ్లు

పిట్లంలో నాందేడ్ పోయే రోడ్డు మీద ఒక ఎరువుల దుకాణం ఉండేది. దాన్ని నడిపే మనిషి లెక్కల్లో గట్టివాడు. ఏ రైతు ఏ పంటకు ఎంత బాకీ ఉన్నాడో పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. ఒక పూట ఊరికే గడిచిపోతే ఆ పూటను నష్టం కింద రాసుకునేవాడు. చిన్నప్పుడు బెండు కట్టుకొని పొలాల బావుల్లో ఈత నేర్చాడు. ఊపిరి బిగబట్టి బావి అడుగుదాకా మునిగి, గుప్పెడు ఒండ్రు పట్టుకొని పైకి తేలేవాడు. ఈడువాళ్లలో అంతసేపు నీళ్ల కింద ఉండగలిగినవాడు మరొకడు లేడు. నలభై దగ్గరపడ్డాక కూడా ఊళ్లో ఆ పేరు నిలిచింది.

అతని మామది మంజీర అవతల, బాన్సువాడ వైపు, నిజాంసాగర్ కాలువ కింది ఊరు. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆ ప్రాజెక్టు నీళ్లు పారే ఒక ఉపకాలువ మీద ఆయన లష్కరుగా పనిచేసి దిగిపోయాడు. తూము ఎత్తడం, దించడం, రాత్రిపూట లైటు పట్టుకొని కట్ట వెంట నడవడం, ఎండ్రకాయ బొక్కల్లోంచి నీళ్లు కారుతున్నాయేమో వంగి చూడడం, ఆయన బతుకంతా ఇదే. మాట తక్కువ మనిషి. అన్నేళ్లు నీళ్ల పక్కనే ఉన్నా సముద్రాన్ని చూడలేదు.

ఒక ఏడు వానకాలం వడ్లు కాంటాలయి, యాసంగి నాట్లు ఇంకా మొదలుకాని సందులో దుకాణం పలచబడింది. అండమాన్ పోయి సముద్రం లోపలి చేపల్ని చూడాలని దుకాణందారు భార్య ఎన్నాళ్లుగానో అడుగుతున్నది. తండ్రిని కూడా వెంట తీసుకుపోదామన్నది. అతను సరేనని ఒక కాగితం తీసి ఐదు రోజులకు ఐదు గీతలు కొట్టాడు. మొదటి రోజు ప్రయాణం. రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు పొద్దుటిపూట డైవింగు. ఐదో రోజు పొద్దున ఓడ, మధ్యాహ్నం విమానం. గది మాట్లాడుకునేటప్పుడు రిసార్టువాళ్లు ఫోన్లో ఒక సంగతి చెప్పారు. డైవింగు చేసేవాళ్లు చివర ఒక రోజు ఏమీ పెట్టుకోకుండా ఉంచుకుంటే మంచిదని. అతను కాగితం మీద ఆరో రోజు గీత కూడా గీశాడు. ఆ రోజు గది అద్దె ఎంతో, ముగ్గురి తిండి ఎంతో, దుకాణం మూసినందుకు పోయేది ఎంతో కూడాడు. ఏమీ చేయని రోజుకు అంత డబ్బు పెట్టడం అతనికి మింగుడుపడలేదు. ఆరో రోజును అడ్డంగా కొట్టేశాడు.

అర్ధరాత్రి పిట్లంలో కారెక్కి, తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానమెక్కి, పొద్దున శ్రీ విజయ పురంలో దిగారు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో పెట్టిన పేరు అది. అక్కడినుంచి ఓడలో స్వరాజ్ ద్వీప్ చేరారు. 2018 దాకా దాన్ని హేవ్‌లాక్ అనేవారు, ఇప్పటికీ ఆ పేరే ఎక్కువగా వినిపిస్తుంది. గది చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. తీరిగ్గా స్నానాలు చేసి, చాయ్ తాగి, ఒడ్డున ఈతకు పోదామని దుకాణందారు అనుకున్నాడు. ఐదయ్యేసరికి పొద్దు గూకింది. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నది, గడియారం మాత్రం మనదే. అందుకని ఆ కాలంలో ఐదింటికే చీకటి పడుతుంది, ఐదున్నరకే తెల్లవారుతుంది. మొదటి సాయంత్రం అట్లా అతని లెక్కలోంచి జారిపోయింది.

ముసలాయన మాత్రం చేరిన గంటలోనే ఆ చోటును చదువుకున్నాడు. నలువైపులా నీళ్లున్నా తాగే నీళ్లు వానల వల్ల చేరినవే అని తెలుసుకొని ఒక్క బకెట్టుతో స్నానం ముగించాడు. కొబ్బరిచెట్టు కింద వేసిన కుర్చీని పైకి చూసి పక్కకు జరిపాడు. పొద్దుగూకే వేళ ఇసుకలో కంటికి ఆనని పురుగులు కుడతాయనీ, గోకితే పుండ్లవుతాయనీ పనివాళ్లు చెప్తే, కాళ్లకు కొబ్బరినూనె రాసుకొని నిండా బట్ట కప్పుకున్నాడు. బీచ్ మీద మొసళ్ల గురించి పెట్టిన బోర్డు దగ్గర నిలబడి, దాని మీదిది బిడ్డతో రెండుసార్లు చదివించుకున్నాడు. అల్లుడు ఆ రాత్రంతా గోక్కుంటూ కూర్చున్నాడు.

రెండో రోజు పొద్దున డైవింగు నేర్పే యువకుడు వచ్చాడు. అతను తెలుగువాడే. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన కుటుంబం. అందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో నూటికి 13 మంది దాకా తెలుగు మాట్లాడేవాళ్లే. యువకుడు ముందుగా ముగ్గురికీ ఆరోగ్యం గురించిన ఫారం ఇచ్చాడు. ఉబ్బసం ఉన్నదా, గుండె జబ్బు ఉన్నదా, మూర్ఛలు వస్తాయా, చెవికి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, ఏం మందులు వాడుతున్నారు అని అందులో వరసగా ప్రశ్నలు. నలభై ఐదు దాటినవాళ్లకు ఇంకొన్ని ఎక్కువ. ముసలాయన బీపీ మాత్రలు వేసుకుంటాడు. ఇంతదూరం వచ్చాక డాక్టరు చీటీ లేదని ఆగిపోవడమెందుకని, అన్నింటికీ లేదని రాద్దామని అల్లుడు పెన్ను తీశాడు. ముసలాయన ఆ పెన్ను మీద చెయ్యి పెట్టి ఆపాడు. ఉన్నది ఉన్నట్టు రాయించి, తాను ఒడ్డున కూర్చుంటానన్నాడు. ఆ ఫారం రిసార్టు కోసం కాదు, లోపల ఏమన్నా అయితే ఏం చేయాలో తెలియడం కోసమని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మొలలోతు నీళ్లలో పాఠం మొదలైంది. మొదటి మాటే దుకాణందారుకు ఎదురు తిరిగింది. నీళ్ల లోపల ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచించి రెండింతల చోటు అడుగుతుంది. ఊపిరి బిగబడితే ఆ చోటు కోసం ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. బావిలో మునిగేవాడు పైన పీల్చిన గాలితోనే దిగి దానితోనే వస్తాడు గనుక అక్కడ ఆ బాధ లేదు. ఏ విద్య వల్ల ఊళ్లో అతనికి పేరు వచ్చిందో, ఇక్కడ ముందుగా వదలాల్సింది దాన్నే. నా మటుకు నాకు, ఈత రానివాళ్లు ఒక్కోసారి ఈతగాళ్లకన్నా త్వరగా డైవింగు పట్టుకోవడానికి కారణం ఇదే అనిపిస్తుంది. వాళ్లకు మరచిపోవాల్సింది ఏమీ ఉండదు.

తర్వాత చెవులు. దిగేటప్పుడు ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే, ప్రతి మీటరుకూ. జలుబు ఉంటే ఆ రోజు దిగనే కూడదు. తర్వాత అద్దం. దుకాణందారుకు గుబురు మీసం ఉండేది. ముక్కును కప్పే ఆ అద్దం అంచు మీసం మీద ఆనక, సందులోంచి ఉప్పునీళ్లు లోపలికి ఊరాయి. యువకుడు అతని మీసానికి కొంచెం వాసలీను రాశాడు. అయినా ఊరితే అద్దం పై అంచును నుదుటికి అదిమి, ముక్కుతో గాలి వదిలి నీళ్లను బయటికి నెట్టడం నేర్పాడు. తర్వాత సైగలు. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. బొటనవేలు పైకి చూపితే పైకి పోదామని అర్థం.

పడవ తీరానికి కొంత దూరంలో ఆగింది. మొదటిసారి వచ్చినవాళ్లను పన్నెండు మీటర్లు దాటి దింపరు. యువకుడు, దుకాణందారు, అతని భార్య ముగ్గురూ మెల్లగా దిగారు. భార్యకు ఈత రాదు. యువకుడు చెప్పినట్టే మీటరు మీటరుకూ ఆగి, ముక్కు మూసి ఊదుతూ, ఎక్కడ నొప్పి తోస్తే అక్కడ కొంచెం పైకి లేచి, మళ్లీ దిగింది. ఆమె ఊపిరి నిదానంగా పోయింది, వచ్చింది. పగడపు దిబ్బ మీద ఊగే మెత్తటి కాడల మధ్య, తెల్ల చారల నారింజరంగు చేప ఒకటి ఆమె అద్దం దాకా వచ్చి వెనక్కు పోయింది. చిలకముక్కు చేపలు పగడాన్ని కొరుకుతుంటే పటపటమనే చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది.

దుకాణందారు ఆ చప్పుడు వినలేదు. అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టాడు. అతని బుడగలు ఆగినప్పుడల్లా యువకుడు వచ్చి ఛాతీ మీద తట్టాడు. చెవులు నొప్పెట్టినా చెప్పడానికి నామోషీపడ్డాడు. చివరికి ఒక పెద్ద తాబేలు అడ్డంగా ఈదుకుంటూ పోతుంటే సంబరం పట్టలేక, బ్రహ్మాండంగా ఉన్నదని బొటనవేలు పైకెత్తాడు. యువకుడు వెంటనే అతన్ని పట్టుకొని, మెల్లగా, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపి, పైకి తీసుకొచ్చేశాడు. పడవ ఎక్కాక గానీ తానేం చేశాడో అతనికి అర్థం కాలేదు.

మూడో రోజు అతను మెరుగుపడ్డాడు. ముందురాత్రి మందు ముట్టలేదు. పొద్దున నూనె వస్తువులు మాని రెండు ఇడ్లీలతో సరిపెట్టుకొని, పడవ ఎక్కకముందే వాంతుల మాత్ర వేసుకున్నాడు. వీపు మండకుండా క్రీములు పూసుకోవడం మాని నిండు చేతుల చొక్కా తొడిగాడు. ఆ క్రీముల్లో కొన్ని పగడాలకు విషమని యువకుడు చెప్పాడు. ఆ రోజు రెండుసార్లు దిగారు. ఇంటికి గుర్తుగా ఒక చిన్న పగడపు కొమ్మ తెంపుదామని దుకాణందారు చెయ్యి చాపాడు. యువకుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. పైకి వచ్చాక చెప్పాడు. పగడం రాయి కాదు, సన్నని జీవాలు కలిసి కట్టుకున్న ఇల్లు. బండలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూ పెరుగుతుంది. నీళ్లు వేడెక్కి 2010లో అండమాన్ పగడాలు చాలాచోట్ల తెల్లబడి చచ్చిపోయాయి. మిగిలినవాటిని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది, ముక్క జేబులో వేసుకున్నా నేరమే. ఆ సాయంత్రం దుకాణందారు చాలా సంతోషంగా ఉన్నాడు. నాలుగో రోజు కోసం ఎదురుచూశాడు. ఆ రోజు ఇంకొంచెం దూరంలోని పెద్ద దిబ్బకు తీసుకుపోతానని యువకుడు చెప్పి ఉన్నాడు.

నాలుగో రోజు తెల్లవారేసరికి గాలి మారింది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. ఆ నెలల్లో అది మామూలే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే సముద్రం ఎక్కువగా నిలకడగా ఉంటుంది. పడవలు కదలలేదు, ఓడలు కూడా ఆగిపోయాయి. దుకాణందారు వరండాలో అటూఇటూ తిరిగాడు. ఆ రోజుకు ఎంత డబ్బు పోయిందో మనసులో కూడుకున్నాడు. ఫోన్లో డబ్బు పంపుదామంటే అదీ కదలలేదు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ మెరుగైందిగానీ, అట్లాంటి రోజున చేతిలో నోట్లు ఉన్నవాళ్లకే సుఖం. ముసలాయన చెప్పులు వేసుకొని పోటు తగ్గిన ఒడ్డు వెంట నడిచాడు. నీళ్లు ఎంతవరకు వచ్చి పోయాయో ఇసుక మీద గీతలు చూసి, ఆగి, మళ్లీ నడిచాడు.

చీకటి పడేసరికి గాలి తగ్గింది. రేపు పొద్దున ఓడలు పోతాయని కబురు వచ్చింది. దుకాణందారుకు ప్రాణం లేచివచ్చింది. ఐదో రోజు తెల్లవారగానే ఒకసారి దిగి, ఏడింటికల్లా పైకి వచ్చి, తొమ్మిదింటి ఓడ అందుకొని, మధ్యాహ్నం రెండు గంటల విమానం ఎక్కవచ్చని లెక్కవేశాడు. యువకుడి దగ్గరికి పోయి అడిగాడు. యువకుడు కుదరదన్నాడు. రెట్టింపు ఇస్తానన్నా కుదరదన్నాడు.

కారణం కూడా చెప్పాడు. వీపు మీద మోసే సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. అందులో నూటికి 78 పాళ్లు నత్రజని. యూరియా బస్తాలో నూటికి 46 పాళ్లు నత్రజని అని రోజూ రైతులకు చెప్పే మనిషి ఆ మాట విని ఆగాడు. లోతులో ఒత్తిడికి ఆ నత్రజని నెత్తుట్లో, కొవ్వులో, కీళ్లలో కరిగి చేరుతుంది. పైకి వచ్చాక మెల్లమెల్లగా ఊపిరితో బయటికి పోతుంది. అది పోకముందే విమానం ఎక్కితే, లోపలి గాలి ఒత్తిడి రెండు వేల మీటర్ల పైచిలుకు కొండ మీద ఉన్నంత పలచన గనుక, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కట్టవచ్చు. కీళ్లు పట్టేయవచ్చు, చేతులు తిమ్మిరెక్కవచ్చు, వెన్నుపాముకు దెబ్బ తగిలితే కాళ్లు కూడా పడిపోవచ్చు. ఒక్కసారే దిగినవాళ్లు విమానానికి ముందు కనీసం 12 గంటలు, వరసగా దిగినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. చాలామంది ఒక రోజంతా ఆగుతారు. యువకుడు ఇంకొక మాట కూడా అన్నాడు. ప్రయాణం ఎల్లుండి అయితే రేపు పొద్దున సంతోషంగా దింపేవాడినని. దుకాణందారు జేబులో కాగితం ఉన్నది. దాని మీద ఆరో రోజు అడ్డంగా కొట్టేసి ఉన్నది.

ముసలాయన పక్కన కూర్చొని అంతా విన్నాడు. ఒకే ఒక ప్రశ్న అడిగాడు. లోపలికి చేరడానికి పట్టే కాలమెంత, బయటికి రావడానికి పట్టే కాలమెంత అని. చేరడానికి నిమిషాలు, పూర్తిగా పోవడానికి గంటలు అన్నాడు యువకుడు. ముసలాయన తల ఊపి ఊరుకున్నాడు.

అదే రిసార్టులో పట్నం నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉన్నాడు. అతనిదీ అదే ఓడ, అదే విమానం. ఏమీ అడగకుండా దింపే పడవవాడు ఒకడు దొరికాడని, ఇంకొకరికి చోటున్నదని వచ్చి చెప్పాడు. దుకాణందారుకు పోవాలనే ఉన్నది. కానీ మామ అక్కడే కూర్చున్నాడు. వద్దనలేదు, పొమ్మనలేదు. పిల్లనిచ్చిన మామ కళ్లముందు అడుగు వేయలేక అతను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. తెల్లవారి కుర్రాడు పోయి దిగి, తడి తలతో నవ్వుతూ ఓడ ఎక్కాడు. పెద్ద దిబ్బ దగ్గర చూసినవన్నీ దారి పొడుగునా వర్ణించాడు. విమానాశ్రయంలో తనిఖీవాళ్లు ఎవరి సంచిలోంచో పగడపు ముక్కలు తీసి పక్కన పెట్టారు. విమానం లేచింది. దుకాణందారు మూడు గంటలూ రెండు వరసల ముందున్న కుర్రాడినే చూస్తూ కూర్చున్నాడు. కుర్రాడు పాటలు విన్నాడు, నిద్రపోయాడు, శంషాబాద్‌లో దిగి చేయి ఊపి వెళ్లిపోయాడు. అతనికి ఏమీ కాలేదు.

ఇది దుకాణందారును ముల్లులా గుచ్చింది. పిట్లం చేరాక దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అంత దూరం పోయి పెద్ద దిబ్బ చూడకుండా వచ్చానని, చూసినవాడు నిక్షేపంగా ఉన్నాడని, భయపెట్టేవాళ్ల మాట వింటే ఇంతేనని. ఆ మాటలు మంజీర దాటి మామ చెవిన పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు.

ఏప్రిల్‌లో యాసంగి ఆఖరి తడి అయిపోయింది. కాలువ కట్టేసే రోజులు వచ్చాయి. ముసలాయన అల్లుడికి కబురు పెట్టాడు. పొద్దున చల్లపూట తాను పనిచేసిన తూము దగ్గరికి తీసుకుపోయాడు. కొత్త లష్కరు తలుపును కొంచెం దించి, చక్రానికి తాళం వేసి పోతున్నాడు. నీళ్లు అడ్డగోలుగా తగ్గలేదు. నిన్నటి మట్టం కన్నా జానెడు దిగాయి. పైన నీళ్లు వదిలిన మేర కట్ట నల్లగా తడిసి ఉన్నది. ముసలాయన కిందికి దిగి, ఆ నల్లటి మట్టి మీద అల్లుడి అరచెయ్యి పెట్టించాడు. వేళ్ల సందుల్లోంచి సన్నటి ధార కారింది. ఒక చోట కాదు, కట్ట పొడుగునా వందల చోట్ల, చీమ పాకినట్టు నీళ్లు కట్టలోంచి కాలువలోకి తిరిగి వస్తున్నాయి. నాలుగు నెలలు కాలువ నిండా పారినప్పుడు కట్ట తాగిన నీళ్లు అవి. అవి పోవడానికి రోజులు పడుతుందని, అందుకే తలుపును రోజుకు ఇంతని దించుతారని ముసలాయన చెప్పాడు. ఒక్కసారిగా దించితే, అదిమి పట్టే నీళ్లు ముందు లేకపోయి, లోపలి నీళ్ల బరువుకు కట్ట జారి కాలువలో పడుతుంది.

అప్పుడు ఆయన ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో తనకూ తొందర ఎక్కువే. పెళ్లి ఉన్నా, జాతర ఉన్నా తలుపు ఒక్కసారే దించేసి పోయేవాడు. మొదటి ఏడు ఏమీ కాలేదు. రెండో ఏడు ఏమీ కాలేదు. పెద్ద లష్కరు తిట్టినప్పుడల్లా, ఇదిగో కట్ట నిలబడే ఉన్నదిగదా అనేవాడు. మూడో ఏడు అట్లాగే దించి పోయి, మర్నాడు వచ్చేసరికి కట్ట లోపలి వైపు రెండు నిలువుల మేర జారి కాలువకు అడ్డం పడి ఉన్నది. ఆ మన్ను తీసేదాకా చివరి భూములకు నీళ్లు పోలేదు. ఏ ఏడు జారుతుందో ముందుగా చెప్పగల మనిషి తన సర్వీసు మొత్తంలో కనబడలేదని, అందుకే ఆ తర్వాత ప్రతి ఏడూ జారుతుందన్నట్టే దించానని ఆయన చెప్పాడు. అట్లా దించిన ఏళ్లలో ఒక్క ఏడు కూడా ఎవరూ తనను మెచ్చుకోలేదని, మెచ్చుకోవడానికి అక్కడ ఏమీ జరగలేదని కూడా చెప్పాడు.

దుకాణందారు చాలాసేపు చెయ్యి తీయలేదు. తన ఒంట్లో ఆ మూడో రోజు చేరిందేమిటో, నాలుగో రోజు పొద్దంతా వరండాలో తిరుగుతూ తిట్టుకుంటున్నప్పుడు బయటికి పోయిందేమిటో అతనికి అర్థమైంది.

ఆ మరుసటి ఏడు పిట్లం నుంచి ఇద్దరు ముగ్గురు అండమాన్ పోదామని బయలుదేరి, వివరాల కోసం దుకాణానికి వచ్చారు. అతను గల్లా పెట్టె పక్కనుంచి కాగితం తీసి గీతలు కొట్టాడు. ముందుగా ఆఖరి గీత దగ్గర, ఆ రోజు శ్రీ విజయ పురంలోనే ఉండాలని, సముద్రంలో దిగకూడదని, విమానం మర్నాడని రాశాడు. సముద్రం ఒక రోజు కాదంటే ఆ ఖాళీలోకి జరుపుకోవడానికి ఇంకొక రోజు వదిలాడు. ఆ తర్వాతే మిగిలిన రోజులు నింపాడు. ఓడ టికెట్లు ముందే తీసుకోవాలని, గుర్తింపు కార్డు, నోట్లు దగ్గర ఉంచుకోవాలని, ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలని, మీసం ఉన్నవాళ్లు వాసలీను తీసుకుపోవాలని వెనకవైపు రాసిచ్చాడు. తాను కూడా మామనూ భార్యనూ వెంటబెట్టుకొని ఒక ఫిబ్రవరిలో మళ్లీ పోయాడు. ఆసారి పెద్ద దిబ్బ చూశాడు. డాక్టరు చీటీ తెచ్చుకున్న ముసలాయన ఒడ్డు దగ్గర ఐదు మీటర్ల లోతుకు దిగి, నిదానంగా ఊపిరి తీసుకుంటూ, చిలకముక్కు చేపలు పగడం కొరికే చప్పుడు విన్నాడు.

ఈ కథలో పడవవాడి వెంట పోయిన కుర్రాడికీ ఏమీ కాలేదు, పోని దుకాణందారుకూ ఏమీ కాలేదు. జాగ్రత్తపడ్డవాడికీ పడనివాడికీ చాలాసార్లు అట్లా ఒకే ఫలితం కనబడుతుంది గనుకనే జాగ్రత్త దండుగ అనిపిస్తుంది, ఏ రోజు కట్ట జారుతుందో తెలియదు గనుకనే అది ప్రతిరోజూ కావాలి. సముద్రంలో దిగడానికి పోయేవాళ్లు ఖాళీ రోజుకు పెట్టిన ఖర్చును నష్టం కింద రాసుకోకుండా, ఒంట్లోకి చేరినది మెల్లగా పోవడానికీ, సముద్రం వద్దన్న పూట ఆగి మళ్లీ దిగడానికీ చెల్లించిన ధరగా రాసుకోవాలి.